చిట్టి జలాంతర్గామిని నీటిలో వదిలే ముందు

అరచేతిలో పట్టేంత రిమోట్ జలాంతర్గామిని ఇంట్లో తయారు చేయడానికి పెద్ద సరంజామా అక్కరలేదు. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, మూడు చిన్న మోటార్లు, ఒక బ్యాటరీ, పాత రిమోట్ బొమ్మలోంచి తీసిన రిసీవర్ ఉంటే చాలు. డబ్బాలోకి నీరు చేరుతుందేమోనన్న బెంగ అందరికీ ఉంటుంది. ఆ బెంగ సబబే కానీ, దానికంటే ముందు ఆలోచించాల్సింది మరొకటి ఉంది. నేల మీద ఆగిపోయిన బొమ్మను పిల్లలు వెళ్లి తెచ్చుకుంటారు. నీటి అడుగున ఆగిపోయిన బొమ్మ కోసం గట్టు మీది నుంచి వంగుతారు.

కాబట్టి మోటార్లు ఆగినా, బ్యాటరీ అయిపోయినా, సిగ్నల్ తెగినా తనంతట తానే పైకి తేలి వచ్చేలా దీన్ని తయారు చేయాలి. నీటిని లోపలికి పీల్చుకుని మునిగే రకం చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ, పంపు మొరాయిస్తే అడుగునే ఉండిపోతుంది. చిన్నపిల్లల కోసమైతే ఆ పద్ధతి జోలికి పోకపోవడమే మంచిది. బొమ్మ ఎప్పుడూ నీటి కంటే కొద్దిగా తేలికగా ఉండాలి, నిలువుగా అమర్చిన మోటారు తోస్తేనే కిందికి దిగాలి. లెక్క తేలికే: ఒక ఘన సెంటీమీటరు మంచినీటి బరువు ఒక గ్రాము. బయటి భాగాలతో కలిపి బొమ్మ ఘనపరిమాణం 120 ఘన సెంటీమీటర్లయితే మొత్తం బరువు 117, 118 గ్రాముల దగ్గర ఆపండి. బరువు కోసం వేసే నట్లు, వాషర్లు డబ్బా అడుగు భాగానికి అంటిపెట్టుకుని ఉండాలి, లేకపోతే బొమ్మ పల్టీలు కొడుతుంది. సీసపు గుండ్లు మాత్రం వద్దు. సీసం పిల్లల మెదడుకు విషం, వాళ్ల చేతులు నోటికి వెళ్లకుండా ఎవరూ ఆపలేరు.

సిగ్నల్ తెగినప్పుడు ఏమవుతుందో నీటిలో దించక ముందే చూడాలి. మోటార్లు తిరుగుతుండగా రిమోట్‌ను ఆపేయండి. మోటార్లు కూడా ఆగిపోవాలి. కొన్ని రిసీవర్లు చివరగా అందిన ఆదేశాన్నే పట్టుకుని తిరుగుతూ ఉంటాయి. అలాంటిది ఈ పనికి రాదు. కొత్త బొమ్మల్లో ఎక్కువగా ఉండే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు త్వరగా మింగేస్తుంది, కొద్ది లోతుకే పట్టు తప్పుతుంది. పాత బొమ్మల్లోని 27, 40 మెగాహెర్ట్జ్ సెట్లు మంచినీటిలో చాలా మెరుగు. ఉప్పునీటిలో అవి కూడా త్వరగా బలహీనపడతాయి. కనుక సముద్రం వద్దు, స్పష్టంగా అడుగు కనిపించే మంచినీరే మేలు.

ఇక బ్యాటరీ. ఈ పని మొత్తంలో అతి జాగ్రత్తగా చూడాల్సిన వస్తువు ఇదే. ఈ పరిమాణానికి 3.7 వోల్టుల చిన్న లిథియం పాలిమర్ బ్యాటరీ సరిపోతుంది, రక్షణ సర్క్యూట్ ఉన్నదే తీసుకోండి. చార్జింగ్ ఎప్పుడూ డబ్బా బయటే, పెద్దవాళ్ల కళ్ల ముందే, మండే వస్తువులకు దూరంగా జరగాలి. మూసిన డబ్బాలో బ్యాటరీ వేడెక్కి వాయువు వదిలితే అది పోయే దారి ఉండదు. చాలామందికి తెలియని చిక్కు ఇంకొకటి ఉంది. చవకగా దొరికే టీపీ4056 చార్జింగ్ బోర్డులు సాధారణంగా 1,000 మిల్లీ ఆంపియర్లు పంపేలా అమర్చి వస్తాయి. 150 మిల్లీ ఆంపియర్ అవర్ సామర్థ్యమున్న చిన్న బ్యాటరీకి అది ఆరు రెట్లకు మించిన ధాటి. బోర్డు మీద కరెంటును నిర్ణయించే 1.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ తీసి 10 కిలో ఓమ్‌లది పెడితే కరెంటు సుమారు 130 మిల్లీ ఆంపియర్లకు తగ్గుతుంది. అంత సన్నటి టంకం పని చేతకాకపోతే, ఆ బ్యాటరీ పరిమాణానికే తయారైన చార్జర్ కొనడం మేలు.

ఉబ్బిన బ్యాటరీని, నీళ్లు తగిలిన బ్యాటరీని మళ్లీ చార్జ్ చేయకూడదు. తీగల మీదికి నీరు చేరితే, ముఖ్యంగా ఉప్పునీరైతే, హైడ్రోజన్ పుడుతుంది; మూసిన డబ్బాలో అది భగ్గుమనడానికి మోటారు నిప్పురవ్వ చాలు. తడిసిందని అనుమానం వస్తే పిల్లలను దూరంగా పంపి, ఆరుబయట, ముఖం పక్కకు పెట్టి మూత తీయండి. రిమోట్‌లో బిళ్ల బ్యాటరీ ఉంటే దాని మూతకు స్క్రూ ఉండి తీరాలి. మింగిన బిళ్ల బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను తీవ్రంగా కాల్చగలదు. అలా జరిగిందేమోనని అనిపించినా వాంతి చేయించకుండా, లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చిన్న అయస్కాంతాలదీ అంతటి ప్రమాదమే: రెండు మింగితే అవి పేగు గోడలను మధ్యలో ఇరికించి పట్టుకుని చిల్లు పెట్టగలవు. స్విచ్ కోసం అయస్కాంతం వాడితే బయట ఊడిపోయేలా వదలకండి.

నీరు చొరబడకుండా చూసే పనిలో వేడి జిగురు గన్‌ను నమ్మకండి, నున్నటి ప్లాస్టిక్ మీద అది త్వరగా ఊడి వస్తుంది. రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ జిగురు వాడి పూర్తిగా ఆరనివ్వండి. వెనిగర్ వాసన వేసే సిలికోన్ ఆరేటప్పుడు రాగి తీగలను తినేస్తుంది, ఆ వాసన లేని రకం తీసుకోండి. డబ్బా సిద్ధమయ్యాక బ్యాటరీ, మోటార్లు పెట్టకముందే లోపల టిష్యూ కాగితం ఉంచి, మూత బిగించి, బరువు కట్టి రాత్రంతా ముంచి ఉంచండి. తొందరగా తెలియాలంటే చల్లటి డబ్బాను గోరువెచ్చని నీటిలో ముంచండి: లోపలి గాలి వ్యాకోచించి, సందు ఉన్నచోట బుడగలు వస్తాయి. దీనికి తిరగేసిన సంగతీ గుర్తుంచుకోవాలి. ఎండలో వేడెక్కిన బొమ్మను చల్లటి నీటిలో వేస్తే లోపలి గాలి కుంచించుకుని, సన్నటి సందులోంచి కూడా నీటిని లాక్కుంటుంది. నీడలో చల్లబడ్డాకే దించండి.

తయారీలో పిల్లలు పాలుపంచుకోవాలి, అదే అసలు ఆనందం. రంగులు వేయడం, బరువు తూచడం, ముంచి చూడటం వాళ్లకు వదిలేయండి. టంకం వేయడం, క్షణాల్లో అంటుకునే జిగురు వాడటం పెద్దవాళ్ల పని. ఆ జిగురు నూలు బట్ట మీద పడితే చర్మం కాలేంత వేడి పుడుతుంది, కనుక దాన్ని పాత నూలు గుడ్డతో తుడవకండి.

ఆడే చోట నీరు ఎంత తక్కువైనా పెద్దవాళ్లు చేయి చాపితే అందేంత దూరంలో ఉండాలి. పసిపిల్లలు కొద్ది సెంటీమీటర్ల నీటిలో కూడా మునిగిపోగలరు, అదీ చప్పుడు లేకుండా. ఈత కొలనులో అయితే నీటిని పీల్చే పంపు ఆపించండి, పొడవాటి జుట్టును ముడివేయండి, ప్రొపెల్లర్ చుట్టూ చిన్న జాలీ బిగించండి. గోడ ప్లగ్గుకు తగిలించిన చార్జర్ ఏదీ నీటి దరిదాపుల్లో ఉండకూడదు. బొమ్మను లాగడానికి సన్నటి దారం కడితే దాన్ని పెద్దవాళ్లే పట్టుకోవాలి, ఆట అయ్యాక విప్పేయాలి. బొమ్మ ఎక్కడైనా చిక్కుకుంటే తీయాల్సింది పెద్దవాళ్లేనని మొదటి రోజే పిల్లలకు చెప్పండి.

తొట్టిలో ఆడితే ఆట ముగియగానే దాన్ని ఖాళీ చేయండి. బ్యాటరీ తీసి, డబ్బా తెరిచి ఆరబెట్టండి. ఆడేటప్పుడు కూడా లోపల ఒక టిష్యూ కాగితం ముక్క ఉంచి, అది తడిసి ఉంటే, సందు ఎక్కడుందో దొరికేవరకు ఆ బొమ్మలో మళ్లీ బ్యాటరీ పెట్టకండి.