యాసిడ్ రిఫ్లక్స్ ఆపరేషన్ తర్వాత ఎలా కోలుకోవాలి?

ఏళ్ల తరబడి గుండెల్లో మంటతో, పడుకుంటే గొంతులోకి ఎగదన్నే పులుపుతో విసిగిపోయాకే చాలామంది ఈ ఆపరేషన్‌కు ఒప్పుకుంటారు. మంట సాధారణంగా త్వరగానే తగ్గుతుంది. కానీ ముద్ద దిగదు. "ఫెయిలైందేమో" అన్న టెన్షన్ అక్కడే మొదలవుతుంది. దయచేసి మొదటి ఆరు వారాలను బట్టి ఫలితాన్ని తేల్చేయకండి.

1. ఏం చేశారో అడిగి తెలుసుకోండి

ఎక్కువగా చేసేది ఫండోప్లికేషన్. జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక కింది చివర చుట్టూ తిప్పి కుట్టేస్తారు. నిస్సెన్ పద్ధతిలో చుట్టు పూర్తిగా ఉంటుంది, టూపే పద్ధతిలో పాక్షికంగా. పూర్తి చుట్టు వేస్తే మింగే ఇబ్బంది, ఉబ్బరం కాస్త ఎక్కువగా ఉండొచ్చు. మీకు ఏది చేశారో తెలిస్తే అనవసరమైన భయం తగ్గుతుంది.

2. మొదటి రోజులు

లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) అయితే చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికొస్తారు. పొట్టలో చేస్తే భుజం ఎందుకు నొప్పెడుతోందని కంగారు పడొద్దు. ఆపరేషన్ కోసం పొట్టలోకి పంపిన కార్బన్ డయాక్సైడ్ వల్ల డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) దగ్గర చికాకు పుట్టి, ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. కొన్ని రోజుల్లో పోతుంది. మెల్లగా నడవడం మంచిది. డోకు వస్తున్నట్టు అనిపిస్తే మాత్రం ఓర్చుకోకుండా వెంటనే చెప్పి మందు వేయించుకోండి. గట్టిగా డోక్కుంటే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది.

3. తిండి

అసలు ఓపిక కావాల్సింది ఇక్కడే. లోపల వాపు ఉంటుంది కాబట్టి దారి ఇరుకైనట్టు ఉంటుంది. ముందు ద్రవాలు: పల్చటి మజ్జిగ, రాగిజావ, పెసరకట్టు, వడకట్టిన సూప్. తర్వాత సర్జన్ చెప్పినప్పుడు మెత్తగా మెదిపిన పప్పన్నం, పెరుగన్నం, సాంబారులో బాగా నానిన ఇడ్లీ. చపాతీ, జొన్నరొట్టె, బ్రెడ్, మటన్ ముక్కలే ఎక్కువగా అడ్డుపడతాయి, వాటిని చివరికి వాయిదా వేయండి.

మన ఇళ్లలో పెద్ద ముద్దలు కలిపి గబగబా తినే అలవాటుంది. దాన్ని మానుకోవాల్సిందే. చిన్న ముద్ద, బాగా నమలడం, రోజుకు ఐదారుసార్లు కొంచెం కొంచెంగా. ముద్ద దిగకపోతే నీళ్లు పోసి నెట్టకండి, తినడం ఆపి నిటారుగా కూర్చోండి. "నీరసంగా ఉన్నావు, ఇంకో ముద్ద తిను" అని బలవంతపెట్టే బంధువులకు ఇంట్లోవాళ్లే ముందుగా చెప్పి ఉంచాలి. కొద్దిగా బరువు తగ్గడం మామూలే. మింగడం చాలామందికి రెండు మూడు నెలల్లో సర్దుకుంటుంది. తర్వాత కూడా అడ్డుపడుతుంటే డాక్టర్‌కు చూపించాలి, కొందరికి ఎండోస్కోపీతో వెడల్పు చేయాల్సి వస్తుంది.

4. గ్యాస్

తేన్పు సరిగా రాకపోవచ్చు, వాంతి చేసుకోవడమూ కష్టం కావచ్చు. పైకి రాని గాలి కిందినుంచే పోతుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. సోడా, కూల్‌డ్రింకులు, స్ట్రా, చూయింగ్ గమ్ మానేస్తే తేడా తెలుస్తుంది.

5. పనులు

కూర్చుని చేసే ఉద్యోగానికి రెండు వారాలు అటూ ఇటూగా వెళ్లొచ్చు. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, బియ్యం మూట లాంటి బరువులు నాలుగు నుంచి ఆరు వారాలు ముట్టుకోవద్దు. మలబద్ధకం రానివ్వకండి, ముక్కడమూ పొట్ట మీద ఒత్తిడే.

6. ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి

ఉమ్మి కూడా మింగలేకపోవడం, ఆగని డోకులు, జ్వరం, ఛాతీలో లేదా పొట్టలో పెరిగే నొప్పి, ఆయాసం, నల్లటి విరేచనం, ఒక కాలిపిక్క వాచి నొప్పెట్టడం.

7. మాత్రలు

ఎసిడిటీ మాత్రలు ఎప్పుడు ఆపాలో సర్జన్‌నే చెప్పనివ్వండి. పెద్ద మాత్రలు మింగలేకపోతే సిరప్ ఉందేమో అడగండి, అడక్కుండా పొడి చేయకండి. కొన్నేళ్ల తర్వాత కొందరికి మళ్లీ మాత్రలు అవసరమవుతాయి. అయితే మంట అనిపించిన ప్రతిసారీ అది యాసిడే కానక్కర్లేదు. సొంతంగా మాత్రలు మొదలుపెట్టే ముందు ఎండోస్కోపీ, పీహెచ్ పరీక్ష (అన్నవాహికలోకి యాసిడ్ ఎంత వస్తోందో చూసేది) కావాలా అని డాక్టర్‌ను అడగండి.