పడుకుని ఒకసారి, నిలబడి రెండుసార్లు: బీపీ ఇలా చూడండి

లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్ముతున్నాయని వచ్చినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కసారి బీపీ చూసి, "బాగానే ఉంది" అని పంపేయడం పద్దెనిమిదేళ్లుగా వార్డుల్లో చూస్తున్నాను. కూర్చున్నప్పుడు బాగానే ఉంటుంది. తేడా నిలబడ్డాకే బయటపడుతుంది.

జబ్బకు పట్టీ కట్టే మిషను, మంచం, వెనకాల ఒక కుర్చీ, పక్కన ఒక మనిషి, రాసుకోవడానికి పుస్తకం ఉంటే చాలు. మణికట్టు మిషన్లు ఈ పనికి వద్దు. పొద్దున్నే, కాఫీకి ముందే చూడాలి. సాయంత్రం అంకెలను నేను లెక్కలోకి తీసుకోను. ముందు ఒంటికి వెళ్లి రమ్మనండి. పట్టీని చొక్కా మీద కాకుండా ఒంటి మీదే, మోచేతి మడతకు రెండు వేళ్ల పైన కట్టండి. 5 నిమిషాలు మాటల్లేకుండా వెల్లకిలా పడుకోబెట్టి బీపీ, నాడి రెండూ రాయండి.

ఇక లేపడం. పాడుచేసేదంతా ఇక్కడే.

మనిషి నిలబడగానే సుమారు అర లీటరు నుంచి ముప్పావు లీటరు రక్తం పొట్టలోకి, కాళ్లలోకి జారుతుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి బీపీ పడబోతుంది. మెడలో పెద్ద ధమని రెండుగా చీలేచోట, గుండె పైనున్న బృహద్ధమని వంపులో, నాళం గోడ సాగుడును కనిపెట్టే నరాల కొసలు ఉంటాయి. సాగుడు తగ్గితే అవి పంపే సంకేతాలూ తగ్గుతాయి. మెదడు కింది భాగం అది గ్రహించి గుండె వేగం పెంచుతుంది, రక్తనాళాలను బిగిస్తుంది. ఇదంతా సెకన్లలో జరిగే పని. కిడ్నీలు ఉప్పునూ నీటినీ పట్టి ఉంచి చేసే సర్దుబాటుకైతే గంటలు, రోజులు పడుతుంది. మనం పరీక్షిస్తున్నది ఆ సెకన్ల సర్దుబాటునే. అందుకే పట్టీ విప్పకుండా లేపాలి, గోడకు ఆననివ్వకూడదు, కాళ్లు కదిలించనివ్వకూడదు.

నిలబడిన 1 నిమిషానికి ఒకసారి, 3 నిమిషాలకు ఇంకోసారి చూడండి. రెండుసార్లూ పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. చేతిని వేలాడదీస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. పట్టీ 10 సెంటీమీటర్లు దిగితే 7, 8 పాయింట్లు పెరిగినట్టే. పడిపోయిన బీపీని ఆ దొంగ పెరుగుదల కప్పేస్తుంది. పక్కనున్న మనిషి అరచెయ్యి మోచేతి కింద పెట్టి చేతిని మోయాలి. బీపీ చూపించుకునేవాళ్లే చేతిని చాచి పట్టుకుంటే కండరం బిగిసి మళ్లీ అంకె మారుతుంది.

షుగరున్న ఒక పెద్దాయనకు చెయ్యి వేలాడదీసి చూసి తేడా లేదన్నారు. ఆయన రెండుసార్లు బాత్రూం గడప దగ్గర పడ్డారు. నేను చెయ్యి పట్టుకుని చూస్తే పడుకున్నప్పుడు 148/84, నిలబడ్డాక 116/70. నాడి మాత్రం 72 నుంచి 75కే పెరిగింది.

మధ్యలో కళ్లు చీకట్లు కమ్మినా, చెమట పట్టినా వెంటనే పడుకోబెట్టండి. 3 నిమిషాలు పూర్తిచేయాలని పట్టుబట్టొద్దు.

3 నిమిషాల్లోపు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టరుకు చూపించాల్సిందే. నాడి కూడా చెప్పండి. బీపీ పడినా నాడి పెద్దగా పెరగలేదంటే, ఆ పెద్దాయనలాగా, నరాల సర్దుబాటు దెబ్బతిని ఉండొచ్చు. బాగా పెరిగితే ఒంట్లో నీరు తగ్గిందేమో చూడాలి. బీపీ మాత్రలు, నీరు లాగే మాత్రలు, ప్రొస్టేట్ మాత్రలు కూడా ఇలా చేస్తాయి కాబట్టి వాటి అట్టలన్నీ పట్టుకెళ్లండి. సొంతంగా మాత్రం ఏదీ ఆపకండి.

డాక్టరును కలిసేదాకా, లేచేముందు మంచం అంచున కాళ్లు కిందికి వేసి రెండు నిమిషాలు కూర్చోనివ్వండి. పాదాలు పైకీ కిందికీ ఆడిస్తే పిక్కలు రక్తాన్ని పైకి నెడతాయి. రాత్రిళ్లు బాత్రూంకి లేచినప్పుడు ఇది మరీ ముఖ్యం.