చెట్టెక్కే ముందు: కొత్తవాళ్లకు జాగ్రత్తలు

చెట్ల కొమ్మలు కొట్టే పనిలోకి కొత్తగా వచ్చారా? కొన్నాళ్లు కిందే ఉండండి. కొమ్మలు లాగడం, తాళ్లు పట్టడం చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, చెట్టు ఎటు విరుగుతుందో కన్ను అక్కడే నేర్చుకుంటుంది.

ఎక్కే రోజున:

- అన్నిటికంటే ముందు కరెంటు తీగలు. తగలక్కర్లేదు, హై వోల్టేజ్ లైనుకు బాగా దగ్గరగా వెళ్లినా ప్రమాదమే. పచ్చి కొమ్మ, తడి తాడు కరెంటును మోస్తాయి. లైను ఆపారని కరెంటువాళ్లే చెప్పాలి, పక్కింటివాళ్లు కాదు.
- మొదలు దగ్గర పుట్టగొడుగులు, కాండంలో తొర్ర, పైన ఎండుకొమ్మలు, కందిరీగల గూడు ఉన్నాయేమో చుట్టూ తిరిగి చూడండి.
- హెల్మెట్, కళ్లద్దాలు, చెవులకు రక్షణ, చైన్‌సా (మోటారు రంపం) నుంచి కాళ్లను కాపాడే ప్యాంటు. జీన్స్ రంపాన్ని ఆపదు.
- తాడును, బెల్టు కుట్లను వేళ్లతో తడిమి చూడండి.
- పైన రంపం వాడుతుంటే మిమ్మల్ని చెట్టుకు పట్టి ఉంచే తాడు కట్లు రెండు, వేర్వేరుగా ఉండాలి. ఒకటి పొరపాటున తెగినా రెండోది పట్టుకుంటుంది.
- బరువైన కొమ్మకు మొదట అడుగున గాటు పెట్టి, దానికి కాస్త అవతలగా, కొమ్మ కొస వైపు, పైనుంచి కోయండి. లేదంటే బెరడు కాండం దాకా చీలిపోతుంది.
- కింద ఉన్న మనిషికి మిమ్మల్ని దించడం వచ్చా? రాకపోతే ఎక్కొద్దు.
- ఈదురుగాలిలో పని వద్దు, మేస్త్రీ ఎంత తొందరపెట్టినా సరే.