దుప్పట్లు, గలీబులు, పరుపులు: ఏది ఎన్నాళ్ళకి ఉతకాలి, ఏది ఎండలో వేయాలి

మన ఇళ్ళల్లో చాలామంది పండక్కి ఇల్లు దులిపేటప్పుడు పక్కబట్టలన్నీ ఒకేసారి లాగి ఉతికేస్తారు, ఆ తర్వాత చుట్టాలు వస్తున్నామని ఫోన్ చేసేదాకా వాటి జోలికి పోరు. అలా కాదు, వారానికోసారా నెలకోసారా చెప్పండి అంటే లెక్క చెప్పొచ్చు, చెప్తాను కూడా. కానీ దానికంటే ముందు చూసుకోవాల్సింది ఏంటంటే ఒంటికి నేరుగా ఏది తగులుతోంది, ఏది తగలట్లేదు అని. తగిలేదాన్ని ఉతకాలి, తగలనిదాన్ని ఎండలో వేయాలి. ఇది పట్టుకుంటే మిగతాదంతా మీ ఇంటి చెమటని బట్టి, మీ ఊరి గాలిని బట్టి మీరే సర్దుకోవచ్చు.

ముందు గలీబుల సంగతి. పక్క మొత్తంలో అన్నిటికంటే మురికిది దిండు గలీబే, ఎందుకంటే ముఖం, జుట్టు, చొల్లు అన్నీ దానికే. తలకి నూనె రాసుకుని పడుకునే అలవాటున్న ఇంట్లో అయితే వారానికి రెండుసార్లు మార్చాలి, లేదంటే వారానికోసారి చాలు. మొటిమలున్న పిల్లలు ఇంట్లో ఉంటే క్రీములు కొనేముందు గలీబు మార్చి చూడండి, మొటిమలు దానివల్లే వస్తాయని కాదు గానీ జిడ్డుగుడ్డకి రాత్రంతా చెంప ఆనించి పడుకుంటే తగ్గేది కూడా తగ్గదు. నూనె మరక పసుపుపచ్చగా గుండ్రంగా పడుతుంది కదా, దాన్ని నేరుగా సర్ఫులో నానబెడితే పోదు, ముందు గలీబు పొడిగా ఉన్నప్పుడే మరక మీద గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి వేళ్ళతో రుద్ది ఓ పావుగంట వదిలేసి అప్పుడు ఉతకండి. తలంటు ముందు రోజు నూనె బాగా పట్టించేవాళ్ళు దిండు మీద పాత తువ్వాలు పరుచుకుంటే ఈ గొడవే ఉండదు.

బెడ్‌షీటు, కప్పుకునే పల్చటి దుప్పటి రెండూ వారానికోసారి. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేకుండా పడుకునే ఇంట్లో నాలుగైదు రోజులకే మార్చాలి, చలికాలంలో స్నానం చేసి పడుకునే అలవాటుంటే పదిరోజులు ఆగినా నష్టం లేదు, రెండు వారాలు దాటకూడదు. మంచం మీదే కూర్చుని తినేవాళ్ళు, మంచం మీదే లాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేసేవాళ్ళు, కుక్కని పక్కలో పడుకోబెట్టుకునేవాళ్ళు ఈ లెక్కని సగానికి తగ్గించుకోండి. జ్వరం వచ్చినవాళ్ళకి, అమ్మవారు పోసినవాళ్ళకి రోజూ మార్చడమే మంచిది. కొత్త బెడ్‌షీటు అయితే వేసేముందే ఒకసారి విడిగా ఉతకండి, ముఖ్యంగా ముదురు రంగు షోలాపూర్ దుప్పట్లు, మొదటి ఉతుకులో పక్కనున్న తెల్ల గలీబుని గులాబీ రంగు చేసేస్తాయి.

వేడినీళ్ళు అవసరమా అంటే ప్రతిసారీ అక్కర్లేదు. దుమ్ము అలర్జీ, పొద్దున్నే వరసగా తుమ్ములు, ఆస్తమా ఉన్నవాళ్ళ ఇంట్లో మాత్రం అవసరం. పక్కబట్టల్లో కంటికి కనపడని డస్ట్ మైట్లు ఉంటాయి, మన ఒంటి మీంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి, నీళ్ళు తాగవు, గాల్లో ఉన్న తేమనే పీల్చుకుంటాయి. అవి చావాలంటే 55 నుంచి 60 డిగ్రీల నీళ్ళు కావాలి. ఫ్రంట్ లోడ్ మెషీన్లలో 60 డిగ్రీల ఆప్షన్ ఉంటుంది కాబట్టి సమస్య లేదు. హీటర్ లేని టాప్ లోడ్ ఉన్నవాళ్ళు ఏం చేయొచ్చంటే ఒక వంతు మరిగిన నీళ్ళు, ఒక వంతు మామూలు కుళాయి నీళ్ళు కలిపితే దాదాపు ఆ వేడి వస్తుంది, అందులో బెడ్‌షీట్లు అరగంట ముంచి ఉంచి తర్వాత మెషీన్లో వేయండి. ప్లాస్టిక్ బకెట్ వద్దు, స్టీలు గిన్నె గానీ పాత గంగాళం గానీ తీసుకోండి, చేత్తో కాకుండా కర్రతో తిప్పండి, పసిపిల్లలు తిరిగే చోట ఈ పని పెట్టుకోవద్దు. అలర్జీ ఎక్కువగా వచ్చేది ఆ పురుగుల వల్ల కాదు, వాటి రెట్టల వల్ల, అందుకే ఎండలో వేసి చంపినంత మాత్రాన తుమ్ములు ఆగవు, ఉతికి వదిలించాల్సిందే.

అయితే వేడినీళ్ళు అన్ని మరకలకీ పనికిరావు. రక్తం మరకకి వేడినీళ్ళు తగిలితే ఇంక అది బట్టకి పట్టేసుకుంటుంది, చల్లనీళ్ళలోనే నానబెట్టి సబ్బు పెట్టి రుద్దాలి. పిల్లలు పక్క తడిపితే వెంటనే చల్లనీళ్ళలో జాడించి తర్వాతే సర్ఫు. పరుపు దాకా దిగితే ముందు పొడి తువ్వాలుతో అదిమి తేమ లాగేసి, వంటసోడా చల్లి కొన్ని గంటలు వదిలేసి దులిపేయండి, రబ్బరు షీటు వేసుకుంటే ఇదంతా ఉండదనుకోండి. ఇక పసుపు మరక. సబ్బు తగలగానే ఎర్రగా మారుతుంది, చూసి చాలామంది భయపడిపోయి బ్లీచింగ్ పోసేస్తారు. సబ్బులో ఉండే క్షారానికి పసుపు అలా రంగు మారుతుంది అంతే, జాడించి ఎండలో ఆరేస్తే ఎండకి పసుపు దానంతటదే వెలిసిపోతుంది, ఒకసారికి పోకపోతే మళ్ళీ ఎండలో వేయండి.

మెషీన్లో కుక్కడం ఇంకో సమస్య. డ్రమ్ములో పైన ఒక బెత్తెడన్నా ఖాళీ ఉండాలి, లేకపోతే బెడ్‌షీట్లు చుట్టుకుపోయి ముద్దగా తిరుగుతాయి, మధ్యలో సర్ఫు అలాగే ఉండిపోతుంది, ఆరాక గరగరలాడుతూ ఒళ్ళు దురద పెడుతుంది. బోరు నీళ్ళున్న ఇళ్ళల్లో నురుగు రావట్లేదని ఇంకో స్పూను ఇంకో స్పూను వేసుకుంటూ పోతారు, దానికంటే ఇంకోసారి జాడించడం మేలు. డబుల్ సైజు బొచ్చు రగ్గులు మాత్రం ఇంటి మెషీన్లో వేయకండి, తడిస్తే దాని బరువు మోయలేక మెషీన్ గడగడలాడి ఆగిపోతుంది. బాత్రూంలో తొక్కి ఉతకడమో లాండ్రీకి ఇవ్వడమో చేయండి.

ఆ రగ్గులు, రజాయిలు, పాత చీరలతో కుట్టిన బొంతలు తరచూ ఉతకక్కర్లేదు, లోపల ఒక పల్చటి దుప్పటి కప్పుకుని దాని మీద రగ్గు కప్పుకుంటే చలికాలం మొత్తానికి రెండుసార్లు చాలు, చివర్లో పైన ఎక్కించేముందు తప్పకుండా ఒకసారి. దూది నింపిన రజాయి మాత్రం అసలు నీళ్ళలో ముంచకూడదు, దూది ఉండలు కట్టి ఒక మూలకి పోతుంది, మళ్ళీ ఏకించుకోవాల్సిందే. పై గలీబు విప్పి ఉతికి, లోపలిది ఎండకి వేయండి.

ఎండలో వేయడం అంటే ఎలా పడితే అలా మేడ మీద పడేయడం కాదు. పొద్దున పది దాటాక, మంచు తేమ ఆరిపోయాక వేసి, మధ్యలో ఒకసారి తిరగేసి, మూడు నాలుగు గంటలకల్లా లోపలికి తెచ్చేయాలి. చలికాలంలో సాయంత్రం దాకా వదిలేస్తే పొద్దంతా పోయిన తేమ మళ్ళీ ఎక్కుతుంది. తెచ్చాక వేడి మీదే మడత పెట్టకుండా కాసేపు పరిచి చల్లారనివ్వండి. కర్రతో కొట్టి దులిపేటప్పుడు ఆస్తమా ఉన్నవాళ్ళని దూరంగా ఉండమనండి. మేడ పక్కన ఖాళీ స్థలంలో వయ్యారిభామ పూసి ఉంటే ఆ వైపు దుప్పట్లు ఆరేయకండి, ఆ పుప్పొడి చాలామందికి పడదు, తెచ్చి నేరుగా పక్కలో వేసుకున్నట్టే అవుతుంది.

పరుపు దేనితో చేసిందన్నది చూసుకోవాలి. దూది పరుపు, బూరుగు దూది పరుపు ఎండకి హాయిగా ఉబ్బుతాయి, ఎండాకాలంలో రెండు మూడు వారాలకోసారి వేయండి, రోహిణీ కార్తెలో రోళ్ళు పగిలే ఎండలున్నప్పుడు రెండు వైపులా పూర్తిగా ఒకరోజు వేస్తే ఇంక వానాకాలానికి ధీమా. కొబ్బరిపీచు పరుపుకి పొద్దుటి ఎండ ఒక గంట రెండు గంటలు చాలు. ఫోమ్, లేటెక్స్ పరుపుల్ని మాత్రం ఎండలో పెట్టొద్దు, ఎండకి ఫోమ్ పచ్చబడి పొడిపొడిగా రాలుతుంది. వాటిని గోడకి నిలబెట్టి కిటికీలు తీసి ఫ్యాను వేసి ఒక పూట వదిలేయండి, మూణ్ణెల్లకోసారి తల వైపు కాళ్ళ వైపు మార్చండి. ఇంకొకటి, లేచిన వెంటనే పక్క నీటుగా సర్దేయాలని పెద్దవాళ్ళు తొందర పెడతారు గానీ రాత్రంతా పట్టిన చెమట ఆరాలంటే దుప్పటి తీసి ఒక అరగంట గంట అలా వదిలేసి తర్వాత సర్దితేనే మంచిది. అత్తగారు ఏమన్నా అంటే మైట్ల కథ చెప్పండి.

దిండ్లు: పాలిస్టర్ ఫైబర్ దిండ్లని మూణ్ణాలుగు నెలలకోసారి మెషీన్లో రెండేసి వేసి ఉతకొచ్చు, పూర్తిగా ఆరాలి, లోపల కాస్త తడున్నా వాసన పట్టేస్తుంది. దూది దిండ్లు, ఫోమ్ దిండ్లు ఉతకొద్దు. మధ్యకి మడిచి వదిలితే తిరిగి విప్పుకోకుండా అలాగే ఉండిపోయే దిండు పని అయిపోయినట్టే. అలా అని భోగిమంటలో పడేయకండి, ఫోమూ పాలిస్టరూ కాలిన పొగ పిల్లలు పీల్చేది కాదు.

వానాకాలం వచ్చిందంటే, అందులో వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళల్లో, ఉతకడం కంటే ఆరబెట్టడం పెద్ద పని. అప్పుడు ఎక్కువ బట్టలు ఒకేసారి ఉతకొద్దు, రోజుకొక బెడ్‌షీటు చొప్పున ఉతికి, మెషీన్లో రెండోసారి స్పిన్ వేసి, ఫ్యాను కింద మడతల్లేకుండా ఆరేయండి. చేతికి పొడిగా తగిలినా అంచుల దగ్గర కుట్లలో తడి ఉంటుంది, అక్కడ ఇస్త్రీ పెట్టి లాగేస్తే ముక్కిన వాసన రాదు.

పెట్టెలో దాచే రగ్గుల మధ్య కలరా ఉండలు వేయడం అందరికీ అలవాటే. పసిపిల్లలున్న ఇంట్లో మాత్రం వద్దు. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా పుట్టిన పిల్లలకి ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ వాసన పట్టిన బట్టలు కప్పితే రక్తకణాలు విరిగిపోయి కామెర్లు వచ్చే ప్రమాదం ఉంది, ఆ లోపం ఉన్నట్టు పైకి తెలీదు. ఎండు వేపాకు గుడ్డలో మూటకట్టి పెట్టుకోండి, ఇంతకుముందే ఉండలు వేసినవైతే ఉతికి బాగా ఎండలో వేశాకే వాడండి.

గజ్జి వస్తే లెక్కలన్నీ మారిపోతాయి. మందు రాసుకున్న రోజే, ముందు మూడు రోజుల్లో వాడిన పక్కబట్టలు, తువ్వాళ్ళు అన్నీ వేడినీళ్ళలో ఉతకాలి, ఉతకలేనివి ప్లాస్టిక్ కవర్లో గాలి చొరకుండా కట్టి కనీసం మూడు రోజులు, వీలైతే వారం పక్కన పెట్టాలి, మనిషి ఒళ్ళు తగలకపోతే గజ్జి పురుగు రెండు మూడు రోజులకంటే బతకదు. ఇంట్లో అందరూ ఒకేసారి మందు వాడకపోతే ఎంత ఉతికినా తిరిగి తిరిగి వస్తుంది.

నల్లులు వేరే. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకునే పిల్లలు ఇంటికొస్తే బ్యాగు మంచం మీద పెట్టనివ్వకండి, బట్టలన్నీ నేరుగా వేడినీళ్ళలోకే. పరుపు ఎండలో వేస్తే నల్లులు చస్తాయనుకుంటారు గానీ వేడి తగలగానే అవి కుట్లలోకి, నీడ వైపుకి పారిపోతాయి, ఈలోపు మంచం సందుల్లో ఉన్నవి అలాగే ఉంటాయి. నులక మంచమో నవారు మంచమో అయితే సందుల్లో మరిగే నీళ్ళు పోయొచ్చు, చెక్క మంచం అయితే పరుపు కుట్లు, మంచం కీళ్ళు వాక్యూమ్ చేసి పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలవండి. కిరోసిన్ పోసే పాత పద్ధతి మాత్రం వద్దు, నిప్పుతో పని. పెస్ట్ కంట్రోల్ వాళ్ళు ఒక్కసారి కొట్టి వెళ్ళిపోతామంటే ఒప్పుకోకండి, గుడ్లు వారం పది రోజుల్లో పొదుగుతాయి, రెండు వారాలకి మళ్ళీ రావాలని ముందే మాట్లాడుకుని డబ్బులు రెండో విజిట్ అయ్యాకే పూర్తిగా ఇవ్వండి.