కోహాలో తెలుగు పుస్తకం వెతికితే దొరకాలంటే

పుస్తకం బీరువాలో ఉంటుంది. లైబ్రరీకి వచ్చిన పుస్తకాలు రాసే యాక్సెషన్ రిజిస్టర్లో ఉంటుంది. లైబ్రరీ పనులకు వాడే సాఫ్ట్‌వేర్ కోహాలో ఎంట్రీ కూడా అయి ఉంటుంది. అయినా పాఠకుడు ఓపాక్‌లో (పాఠకులు పుస్తకాలు వెతికే ఆన్‌లైన్ జాబితా) పేరు కొడితే ఏమీ రాదు, లేదనుకుని వెళ్లిపోతాడు. లైబ్రరీకి ఇంతకన్నా నష్టం లేదు. 2000 జనవరిలో న్యూజిలాండ్‌లోని హోరోవెనువా లైబ్రరీ ట్రస్టులో వాడకం మొదలైన కోహా ఇంగ్లిష్ అక్షరాల పుస్తకాలకు అలవాటుపడి పెరిగింది. తెలుగు విషయంలో కొన్నిచోట్ల మనమే చెయ్యి వేయాలి.

ముందు జాబితా సంగతి

చాలా లైబ్రరీల్లో పుస్తకాల జాబితా ఎక్సెల్‌లో, అను ఫాంట్లలో టైపు చేసి ఉంటుంది. ఒక గడి కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగు తెలుగుగానే కనిపిస్తే అది యూనికోడ్, అంటే ఏ కంప్యూటరైనా చదవగల ప్రామాణిక రాత. ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు వస్తే యూనికోడ్ కన్వర్టర్‌తో మార్చాల్సిందే. మార్చాక కనీసం వంద టైటిళ్లు ప్రింట్ తీసి పుస్తకాల అట్టలతో పోల్చి చూడండి. వత్తులు, దీర్ఘాలు తప్పడం ఎక్కువగా ఈ దశలోనే.

ఎక్సెల్ నుంచి సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ కాకుండా "సీఎస్‌వీ యూటీఎఫ్-8" ఎంచుకోండి. మామూలుది ఎంచుకుంటే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది, ఆ ఫైలు నుంచి తెలుగు మళ్లీ వెనక్కి రాదు. తర్వాత మార్క్‌ఎడిట్ అనే ప్రోగ్రాంలో మార్క్ రికార్డులుగా (లైబ్రరీ సాఫ్ట్‌వేర్లు చదివేలా నంబర్ల ఫీల్డులుగా విడదీసిన పుస్తక వివరాలు) మార్చినప్పుడు లీడర్‌లో, అంటే రికార్డు మొదటి వరుసలో, 09వ స్థానంలో ఇంగ్లిష్ చిన్న "ఏ" ఉండాలి. యూనికోడ్ అని చెప్పే గుర్తు అదే. ఖాళీగా ఉంటే పాత మార్క్-8 ఎన్‌కోడింగ్ అనుకుని చదివే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, తెలుగు చెడిపోతుంది.

కాపీల వివరాలు 952వ ఫీల్డులోకి వెళ్తాయి: దానిలోని చిన్న భాగాలైన సబ్‌ఫీల్డులు ఏ, బీలలో లైబ్రరీ కోడ్, వైలో ఐటమ్ టైప్, ఓలో కాల్ నంబర్ (బీరువాలో పుస్తకం చోటు చెప్పేది), పీలో బార్‌కోడ్. బార్‌కోడ్ గడులను ఎక్సెల్‌లో ముందే "టెక్స్ట్" చేయండి, లేకపోతే 000451 కాస్తా 451 అయిపోతుంది. ఒకే బార్‌కోడ్ రెండుసార్లు వస్తే రెండో కాపీని కోహా తీసుకోదు. మొదట 50 రికార్డులే ఎక్కించి చూడండి. తేడా వస్తే స్టేజ్ చేసిన (ఎక్కించడానికి సిద్ధంగా ఉంచిన) రికార్డుల పేజీలో ఆ ఇంపోర్టును వెనక్కి తీసే బటన్ ఉంది.

ఒకే మాట, రెండు మూడు రాతలు

అసలు చిక్కు ఇక్కడుంది. అట్ట మీద "వ్యాకరణము" అని ఉంటే పాఠకుడు "వ్యాకరణం" అని కొడతాడు. పాత పుస్తకంలో "గుఱ్ఱము" ఉంటే ఈనాటి పిల్లవాడు "గుర్రం" అంటాడు. అరసున్న ఉన్న "వాఁడు" సంగతి చెప్పనే అక్కర్లేదు. మనిషికి ఇవన్నీ ఒకటే, కంప్యూటరుకు వేర్వేరు మాటలు. పుస్తకం పేరు రాసే 245వ ఫీల్డులో అట్ట మీద ఉన్నది ఉన్నట్టే రాయండి, సరిదిద్దవద్దు. ఈనాటి రాతను వేరే పేర్లకున్న 246లో ఇవ్వండి, మొదటి ఇండికేటర్ (ఫీల్డు నంబరు పక్కన ఉండే అంకె) 3. 246 ఎన్నిసార్లయినా రావచ్చు, పిసినారితనం అక్కర్లేదు.

మరో 246 ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండాలి. ఫోన్లో తెలుగు కీబోర్డు లేనివాళ్లు చాలామంది. దీర్ఘాలపై గీతలు, చుక్కలు పెట్టే పండితుల పద్ధతి ఇక్కడ పనికిరాదు, జనం కొట్టే స్పెల్లింగే కావాలి. లక్ష్మిని కొందరు ఎక్స్‌తో, కొందరు కేఎస్‌హెచ్‌తో రాస్తారు. "త"కు కొందరు టీ, కొందరు టీహెచ్. రెండూ ఇవ్వండి.

"శ్రీ"తో మొదలయ్యే టైటిళ్లకు 245 రెండో ఇండికేటర్ మార్చాలనిపిస్తుంది. అది పేర్లను వరుసలో పెట్టేటప్పుడు ఇంగ్లిష్‌లో "ది" లాంటి ఆర్టికల్స్‌ను వదిలేయడానికి పెట్టింది. తెలుగులో 0 ఉంచి, "శ్రీ" లేని పేరును 246లో రాయండి.

కంటికి కనిపించని తేడాలు ఇంకా ఇబ్బంది. "సాఫ్ట్‌వేర్" అనే మాటలో "ట్" తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉంటుంది, వకారం టకారం కింద వత్తుగా చేరకుండా ఆపేది అదే. ఎక్సెల్‌లో గుర్తులను లెక్కపెట్టే లెన్ ఫార్ములా పెడితే ఆ గుర్తుతో 11 వస్తుంది, అది లేని "సాఫ్ట్వేర్"కు 10. పాఠకుడు ఏది కొడతాడో తెలియదు కాబట్టి రెండోదాన్నీ 246లో ఇవ్వండి. ఐత్వమూ ఇంతే. "చై"లో చ, ఐత్వం కలిపి 2 రావాలి. 3 వస్తే ఆ ఐత్వం రెండు ముక్కలుగా (ఎత్వం, కింది గుర్తు) టైపయిందని అర్థం. చూపుకు తేడా తెలియదు. మార్క్‌ఎడిట్‌లో యూనికోడ్ నార్మలైజేషన్‌ను ఎన్‌ఎఫ్‌సీగా పెడితే రెండు ముక్కలు ఒకటవుతాయి.

కాల్ నంబర్‌లో రచయిత పేరు మొదటి అక్షరాలను లెఫ్ట్ ఫార్ములాతో తీయకండి. "శ్రీశ్రీ"లో మొదటి మూడు గుర్తులు తీస్తే "శ్ర" వస్తుంది, గుడిదీర్ఘం ఊడిపోతుంది. ఈ పని చేత్తో చేయడమే మంచిది. విషయం చెప్పే క్లాస్ నంబర్‌కు డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యం 894.827, కవిత్వం 894.8271, నాటకం 894.8272, కథలూ నవలలూ 894.8273.

రచయిత పేరు

తెలుగులో ఇంటిపేరు ముందే ఉంటుంది. చివరి మాటను ఇంటిపేరనుకుని "సత్యనారాయణ, విశ్వనాథ" అని తిప్పేసిన రికార్డులు బయటి నుంచి దిగుమతి అవుతుంటాయి. రచయిత పేరుండే 100లో "విశ్వనాథ, సత్యనారాయణ" అని ఉండాలి, మొదటి ఇండికేటర్ 1. శ్రీశ్రీ లాంటి కలం పేరుకు అథారిటీ రికార్డు (ఒక రచయిత పేరు రూపాలన్నీ ఒకచోట ఉంచేది) చేసి, దాని 400లో శ్రీరంగం శ్రీనివాసరావు అని ఇవ్వండి. ఇది ఓపాక్ సెర్చ్‌లో పనిచేయాలంటే సిస్టమ్ ప్రిఫరెన్సుల్లో "ఇన్‌క్లూడ్ సీ ఫ్రమ్ ఇన్ సెర్చెస్" ఆన్ చేసి, మొత్తం రీఇండెక్స్ చేయాలి, అంటే వెతకడానికి వాడే సూచికను మళ్లీ కట్టాలి. ఆన్ చేసి రీఇండెక్స్ మర్చిపోయి, పనిచేయడం లేదనుకోవడం మామూలే.

సర్వర్లో మార్చాల్సినవి

కోహాలో వెతికే పనికి జీబ్రా సెర్చ్ వాడుతుంటే, పదాలను విడగొట్టే పనిని ఐసీయూ అనే యూనికోడ్ సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాలి. జీబ్రా సెట్టింగుల ఫోల్డర్లో డిఫాల్ట్ డాట్ ఐడీఎక్స్ ఫైలుంది. ముందు దాని కాపీ దాచండి. వర్డ్, ఫ్రేజ్ విభాగాల్లోని "క్యార్‌మ్యాప్" వరుసలకు బదులు "ఐసీయూ చైన్" వరుసలు పెట్టి, వర్డ్స్-ఐసీయూ, ఫ్రేజెస్-ఐసీయూ ఫైళ్ల పేర్లు ఇవ్వాలి.

ఆ రెండు ఫైళ్లనూ తెరిచి చూడకుండా ముందుకు పోవద్దు. "నాన్ స్పేసింగ్ మార్క్ రిమూవ్" అనే నియమం ఉందేమో వెతకండి. ఫ్రెంచ్ లాంటి భాషల్లో అక్షరాలపై గుర్తులను వదిలేయడానికి అది బాగుంటుంది. తెలుగులో దీర్ఘం, గుడి, ఎత్వం, ఒత్వం, పొల్లు అన్నీ యూనికోడ్ లెక్కలో నాన్ స్పేసింగ్ మార్కులే. ఆ నియమం పనిచేస్తే "గీత", "గాత", "గోతి" మూడూ "గత" అయిపోతాయి. కొమ్ములు మాత్రం వేరే వర్గం, అవి మిగిలిపోతాయి. అందుకే కొన్ని మాటలు సరిగ్గా వచ్చి కొన్ని రాకుండా, ఎక్కడుందో అంతుపట్టని తప్పులా కనిపిస్తుంది. నియమం ఉంటే తీసేయండి.

తర్వాత ప్రిఫరెన్సుల్లో, దగ్గరి స్పెల్లింగులనూ వెతికే "క్వెరీ ఫజీ" ఆపేయండి, ఐసీయూతో అది కుదరదు. "క్వెరీ ఆటో ట్రంకేట్" ఆన్ చేయండి. విభక్తులు మాటకు అతుక్కునే భాష మనది, "చరిత్ర" కొడితే "చరిత్రలో" కూడా రావాలి కదా. ఆపైన పూర్తి రీఇండెక్స్. ఇంతకుముందు చేసిన ఎంట్రీలు ఈ రీఇండెక్స్ అయ్యేదాకా పాత పద్ధతిలోనే ఉంటాయి. కోహాను అప్‌డేట్ చేసినప్పుడు పాత ఫైలు ఉంచాలా, కొత్తది వేయాలా అని అడిగితే మీరు మార్చినదే ఉంచమనండి.

పరీక్ష

ఆఫీసు కంప్యూటర్లో కాదు, ఫోన్లో చేయండి. పాఠకుడి కీబోర్డు అదే. ఆ మాటలున్న పుస్తకాలు మీ దగ్గర ఉన్నాయని ముందే చూసుకుని ఇవి కొట్టండి: గీత, చైతన్యం, గుర్రం, సాఫ్ట్వేర్, శ్రీరంగం శ్రీనివాసరావు. "గీత"కు "గత" కూడా వస్తే ఐసీయూ నియమం ఇంకా ఉన్నట్టు. "చైతన్యం" రాకపోతే ఐత్వం చూడండి. "గుర్రం" రాకపోతే 246 రాయలేదు. చివరి పేరుకు శ్రీశ్రీ పుస్తకాలు రాకపోతే అథారిటీ రికార్డు బిబ్లియోగ్రాఫిక్ (పుస్తకం) రికార్డుకు ముడిపడలేదు: 100లో సబ్‌ఫీల్డ్ 9లో అథారిటీ నంబరు ఉందో లేదో చూసి, లేకపోతే లింక్ చేసి మళ్లీ సేవ్ చేయండి.