స్టైల్ రిపేరుకి వెళ్తే ముందు గుంజ చూడండి

ఇంగ్లండ్ పల్లెల్లో ఫుట్‌పాత్‌కి పొలం కంచె అడ్డొచ్చిన చోట దాటడానికి చెక్క మెట్లుంటాయి, అవే స్టైల్స్. రిపేరుకి వాలంటీర్‌గా వెళ్తే మెట్టు చెక్క మార్చేముందు గుంజని సరిగ్గా నేల మట్టం దగ్గర స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. తడీ గాలీ రెండూ తగిలేది అక్కడే, ముందు కుళ్ళేదీ అక్కడే. పైకి రాయిలా ఉన్న గుంజలోకి మొన మెత్తగా దిగిపోయిందా, కొత్త చెక్క కొట్టి లాభం లేదు, గుంజే మార్చాలి. కనీసం 60 సెంటీమీటర్ల లోతు పాతండి. మట్టి ఒకేసారి నింపేయకుండా కొంచెం కొంచెం వేస్తూ గునపం మొద్దువైపుతో గట్టిగా కూరండి. పాచి పట్టిన మెట్టు మీద పెద్దవాళ్ళు జారితే ప్రాణం ఉసూరుమంటుంది, అందుకే నీళ్ళు నిలవకుండా పిసరంత వాలు ఇవ్వండి. అన్నట్టు, స్టైల్ బాధ్యత చట్టప్రకారం భూమి యజమానిది, ఆయనకి చెప్పకుండా చెయ్యి వేయొద్దు.