పంట కాపలా తుపాకీ లైసెన్స్: ఎస్-1 సర్టిఫికెట్ దగ్గర జాగ్రత్త

తుపాకీ లైసెన్స్ అనగానే కొందరు జింకల వేట గురించి కూడా అడుగుతారు. ముందే చెప్పేస్తున్నా, జింకల వేటకు మన దగ్గర లైసెన్సే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం, కృష్ణజింకను చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. కాబట్టి వేట లైసెన్స్ ఇప్పిస్తానని ఎవరైనా అంటే రూపాయి కూడా ఇవ్వకండి.

మన రైతులు అడిగేది అడవి పందుల నుంచి పంట కాపాడుకునే తుపాకీ గురించి. 21 ఏళ్లు నిండి ఉండాలి. తుపాకీ లైసెన్సుల కోసం కేంద్ర హోం శాఖ నడిపే ఎన్‌డాల్-ఏలిస్ పోర్టల్‌లో ఫారం ఏ-1 నింపి గుర్తింపు, చిరునామా, పొలం కాగితాలు, డాక్టరిచ్చే ఆరోగ్య సర్టిఫికెట్ పెట్టుకోవాలి. గుంటూరు జిల్లా వాళ్లకు కలెక్టర్, విజయవాడ వాళ్లకు పోలీస్ కమిషనర్ లైసెన్స్ ఇస్తారు. పోలీసులు విచారణకు ఇంటికొస్తే టెన్షన్ పడకండి, అది అందరికీ జరిగేదే.

ఎక్కువ మంది ఆగిపోయేది ఎస్-1 దగ్గర. 2016 ఆయుధ నియమాల్లో పెట్టిన శిక్షణ సర్టిఫికెట్ ఇది. తుపాకీ ఎలా పట్టుకోవాలి, ఎలా మోసుకెళ్లాలి, ఎలా కాల్చాలి, ఎలా శుభ్రం చేయాలి, ఇంట్లో పిల్లల చేతికి అందకుండా ఎక్కడ దాచాలి, ఇవన్నీ నేర్చుకున్నామని చెప్పే కాగితం. శిక్షణకు వెళ్లక్కర్లేదు, సంతకం పెట్టించి తెస్తానని ఏజెంట్లు చెప్తారు, పొలం పనుల మధ్య తీరిక లేక మనవాళ్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోవద్దు. తప్పుడు సమాచారంతో తీసుకున్నారని తేలితే లైసెన్స్ రద్దు చేయొచ్చు, దొంగ సర్టిఫికెట్ మీద కేసు వేరే. ఎవరి దగ్గర నేర్చుకుంటే చెల్లుతుందో దరఖాస్తుకు ముందే లైసెన్స్ సెక్షన్‌లో అడిగి రాసుకోండి, ఆ తర్వాతే శిక్షణకు డబ్బు కట్టండి.

ఈ నిబంధన అనవసరపు తిప్పలని కొందరంటారు, నేను ఒప్పుకోను. జర్మనీలో జింకను వేటాడాలంటే రాత పరీక్ష, మౌఖిక పరీక్ష, గురి పరీక్ష అన్నీ పాసవ్వాలి. చీకట్లో చేలో కదిలింది పందో, నీళ్లు కట్టడానికొచ్చిన పక్క రైతో తెలియకుండా ట్రిగ్గర్ నొక్కే మనిషికి తుపాకీ ఇవ్వడం కన్నా నాలుగు రోజులు ఆలస్యం కావడమే నయం. నన్నడిగితే మన దగ్గర కూడా శిక్షణ చివర గట్టి పరీక్ష పెట్టాలి.

ఇంకొకటి, చాలామందికి చివరి దాకా తెలియనిది. లైసెన్స్ వచ్చింది కదా అని పందిని కాల్చేయకూడదు. తుపాకీ ఉంచుకోవడానికి లైసెన్స్, జంతువును కాల్చడానికి అటవీ శాఖ రాతపూర్వక అనుమతి, రెండూ వేర్వేరు. అటవీ శాఖ ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, అనుమతి కాగితం చేతికొచ్చే దాకా తుపాకీ ముట్టుకోకండి.